కేసు మీదేసుకున్నవాడు

మంచి శుక్రవారానికి ముందు రాత్రి
ఏటుకూరు రోడ్డు మీంచి మిర్చి ఘాటు
మా గుళ్ళోకీ వస్తుంది.
వాక్యం చెప్పేవాళ్ళూ దగ్గుతారు, వినేవాళ్ళూ దగ్గుతారు.

రేపటి ఏడు మాటలు పంచుకోడానికి కూచున్నారు
నలుగురు మగవాళ్ళు, నేను.
నాలుగో మాట దగ్గర ఆగింది పంపకం,
తండ్రి చెయ్యి వదిలేశాడని కొడుకు కేకేసే చోట.

నతానియేలు యార్డులో గుమస్తా.
"మన పద్దు మీద ఆయన నెత్తురుతో అడ్డగీత కొట్టాడు. అంతే."
జకర్యా మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు.
"పైసాతో సహా ముట్టాక
'పోన్లే, క్షమించా' అనే షావుకారుంటాడా?
దాన్ని వసూలంటారయ్యా."
బైబిలు కాలేజీ కుర్రాడు అనుగ్రహం
ముట్టింది దేవుడికి కాదు, సైతానుకన్నాడు.
గేలానికి గుచ్చిన ఎరట, మింగి చచ్చాడట.
"అయితే మన దేవుడు మోసగాడా?" నతానియేలు లేచి నిలబడ్డాడు.
ప్రాయశ్చిత్తం అన్న మాటే మనది కాదని ఒకరు,
మరి ఏ మాట మనదని ఇంకొకరు.
పాస్టరుగారు గడియారం చూసుకున్నారు.

నేను టీ గ్లాసులు తీస్తున్నాను.
నలభై ఏళ్ళు ఆసుపత్రి మంచాల మధ్య తిరిగినదాన్ని,
వాదనల్లో తలదూర్చే అలవాటు లేదు.
ఎందుకో నోరు జారింది.

"మా నాన్న జీపు డ్రైవరు.
ఆ రాత్రి ప్రత్తిపాడు అడ్డరోడ్డు దగ్గర
స్టీరింగు కామందుగారబ్బాయి చేతిలో ఉంది.
చక్రాల కింద పడ్డది మా పల్లె పిల్లాడే,
ఎలిశమ్మ కొడుకు, పదకొండేళ్ళు.
తెల్లారేసరికి బండి నడిపింది మా నాన్నయ్యాడు.

జడ్జిగారు న్యాయం చేశారు.
చట్టానికి కావలసింది ఒక ఒళ్ళు.
ఎవరి ఒళ్ళని అది అడగదు.
రాజమండ్రి జైల్లో రెండేళ్ళు.
ఇక్కడ నా నర్సు చదువుకి ఫీజు.
తెల్ల యూనిఫాం గంజిపెట్టి ఆరేసిన ప్రతిసారీ
ఎవరి నెత్తుట్లో ఉతికానో నాకు తెలుసు.

ఆ అబ్బాయిగారు కులాసాగానే ఉన్నారు.
బీపీ చూడ్డానికి నన్నే పిలిచేవారు.
కొడుకుని ఎక్కించి, కేసు మూసేసి
న్యాయం తీరిందనుకునే తండ్రికి
నేను మొక్కలేను మాస్టారూ.
ఆ చదువు తిరిగిచ్చేయనూ లేను."

కాసేపు ఎవరూ దగ్గలేదు.

ఇంకో సంగతి వాళ్ళకి చెప్పలేదు.
నాన్న విడుదలై వచ్చిన రోజు
ఎలిశమ్మ మా గుమ్మంలో నిలబడింది.
ఆమెకి తెలుసు. పల్లె పల్లెంతకీ తెలుసు.
బిడ్డ చావుని అమ్ముకున్నాడని చెప్పుతో కొడుతుందనుకున్నాం.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
నాన్న లుంగీ అంచు పట్టుకు నిలబడ్డాడు.
ఆమె ఆయన మెడ మీద గజ్జి చూసింది.
"తిండన్నా పెట్టారా నీకు?" అంది.
ముంతలో చద్దన్నం కలిపి
ఒక ముద్ద ఆయన చేతిలో పెట్టింది,
ఒక ముద్ద తను తింది.
ఇద్దరూ ఏడవలేదు. ఆకలిగా తిన్నారు.

అక్కడ ఏదో తీరింది.
అప్పయితే కాదు. శిక్షా కాదు.
దానికి మన తెలుగులో మాట ఉండే ఉంటుంది,
నాకింకా దొరకలేదు.

"నాలుగో మాట మీరు చెప్పండి దీనమ్మగారూ"
అన్నారు పాస్టరుగారు.
ఆడవాళ్ళు చెప్పే ఆనవాయితీ లేదని ఎవరో గొణిగారు.
గ్లాసులు కడిగి బోర్లించాను.
దుమ్ము ఎక్కడ అంటుకుందో,
కళ్ళు తుడుచుకుంటే భగ్గుమంది.

రేపు పన్నెండుకి మొదలు.
నా వంతు వచ్చేసరికి ఒకటిన్నర దాటుతుంది.
కాగితం మీద ఇంకా ఒక్క ముక్కా లేదు.